కిటికీ సీటు: ఈసారి ఉత్తరాలన్నీ రైళ్ల మీదే

పోయిన సంచికలో అరకు బండి గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, ఇటు కోనసీమ నుంచీ అటు భీమవరం, నరసాపురం వైపు నుంచీ రైళ్ల ప్రశ్నలే వచ్చిపడ్డాయి. రైలు కూత వినపడని ఊళ్ల నుంచే ఎక్కువ వచ్చాయండోయ్, అదొక వింత. అన్నిటికీ చోటు లేదు. కొన్నిటికి పొడుగ్గా, కొన్నిటికి పొట్టిగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నేనూ మా ఆవిడా రిటైరయ్యాం. మా అబ్బాయి జ్యూరిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, వేసవిలో రమ్మంటున్నాడు. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కిస్తానంటున్నాడు గానీ టికెట్ ధర రూపాయల్లోకి మార్చి చూసుకుంటే గుండె జారింది. అంత పెట్టి ఎక్కాలంటారా?
ఒక లెక్కల మాస్టారు, పాలకొల్లు

జవాబు: మాస్టారూ, మీరు లెక్కలవారు కాబట్టి ముందు లెక్కే చూద్దాం. స్విట్జర్లాండ్‌లో జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్ దాకా 291 కిలోమీటర్లు, పట్టేది దాదాపు ఎనిమిది గంటలు. అంటే గంటకి 36 చిల్లర. పేరులో ఎక్స్‌ప్రెస్ ఉంది గానీ నడక మన ప్యాసింజరుదే. ఆ సంగతి వాళ్లూ దాచుకోరు, ప్రపంచంలోకెల్లా నెమ్మదైన ఎక్స్‌ప్రెస్ మాదేనని చెప్పుకుంటారు. దారిలో 91 సొరంగాలు, 291 వంతెనలు, మధ్యలో 2,033 మీటర్ల ఎత్తున ఒబెరాల్ప్ కనుమ. 1930 నుంచీ నడుస్తున్న బండి. బాగుంటుందా అంటే బాగుంటుంది, అందులో అనుమానం లేదు. కాకపోతే టికెట్ మీద సీటు రిజర్వేషన్‌కి మళ్లీ విడిగా కట్టాలి, చేతిలో స్విస్ పాస్ ఉన్నా సరే కట్టాల్సిందే. పైకప్పు దాకా వంగిన పెద్ద అద్దాలు చూడ్డానికి గొప్పగా ఉంటాయి, కానీ తెరుచుకోవు. ఫొటో తీస్తే మంచుకొండ మీద మీ ఆవిడ చీర అంచు కూడా పడుతుంది.

నన్నడిగితే బెర్నినా లైను చూపించమని అబ్బాయికి చెప్పండి. సెయింట్ మోరిట్జ్ నుంచి ఇటలీలో ఉన్న తిరానో దాకా 61 కిలోమీటర్లు, రెండు గంటల పైచిలుకు ప్రయాణం. 1910లో పూర్తయిన లైను, 2008లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. బండి 2,253 మీటర్ల దాకా ఎక్కి, అక్కణ్ణుంచి తిరానోలో 429 మీటర్లకి దిగిపోతుంది. మధ్యలో పళ్ల పట్టా (ఇంజిను పళ్లచక్రం పట్టుకుని ఎక్కే రంపం లాంటి పట్టా) లేదు, ఏమీ లేదు, మామూలు చక్రాలు మామూలు పట్టాల మీదే నూటికి ఏడు వాలు ఎక్కుతాయి, దిగుతాయి. కింద బ్రూసియో అనే ఊరి దగ్గర లోయ ఇరుకై, వాలు మరీ ఎక్కువైపోతుందని, పట్టాని గుండ్రంగా తిప్పేశారు. తొమ్మిది కమానుల వంతెన మీంచి దిగిన బండి ఒక చుట్టు తిరిగొచ్చి అదే వంతెన కమాను కిందనుంచి దూరిపోతుంది. నాకు ఎనిమిది గంటల గ్లేసియర్ కన్నా ఈ ఒక్క చుట్టే ఎక్కువ.

ఇక కిటుకు. ఇదే పట్టాల మీద అద్దాల బెర్నినా ఎక్స్‌ప్రెస్ నడుస్తుంది, అక్కడి జనం ఊళ్లకి వెళ్లే మామూలు బండీ నడుస్తుంది. మామూలు బండికి రిజర్వేషన్ అక్కర్లేదు, ఆ డబ్బు మిగిలినట్టే, పాస్ ఉంటే అది చూపించి ఎక్కడమే. కొన్ని పెట్టెల్లో కిటికీ అద్దం కిందికి దించుకోవచ్చు. నచ్చిన స్టేషన్లో దిగి కాసేపు తిరిగి తర్వాతి బండి ఎక్కొచ్చు. ఎండాకాలమైనా పైన చలిగానే ఉంటుంది, స్వెట్టర్లు మరవకండి. డబ్బాలో పులిహోర పట్టుకెళ్లండి, ఎవరూ ఏమీ అనరు. ఆవకాయ మూత మాత్రం గట్టిగా బిగించండి.

ప్రశ్న: రొయ్యల చెరువుల మీద ఇరవై ఏళ్లు నిద్ర లేకుండా కాపలా కాశాను. ఇప్పుడు చెరువులు లీజుకిచ్చేశాను. రష్యాలో ఏడు రోజులు నడిచే రైలుందట, అందులో ఎక్కి పడుకోవాలనుంది. బోరు కొడుతుందా?
ఒక రైతు, భీమవరం దగ్గర

జవాబు: పడుకోడానికే అయితే అంతకన్నా మంచి బండి లేదండి. మాస్కో నుంచి వ్లాదివోస్తోక్ దాకా 9,289 కిలోమీటర్లు. మన రాజమండ్రిలో ఆగే వివేక్ ఎక్స్‌ప్రెస్ ఉంది చూశారూ, దిబ్రూగఢ్ నుంచి కన్యాకుమారి పోయేది, మన దేశంలో అన్నిటికన్నా పొడుగు దారి దానిదే, 4,100 కిలోమీటర్ల పైన. దానికి రెట్టింపు వేసుకున్నా ఇంకా దాదాపు వెయ్యి కిలోమీటర్లు మిగులుతుంది. మాస్కోకీ వ్లాదివోస్తోక్‌కీ గడియారంలో ఏడు గంటల తేడా. 2018 దాకా దారి పొడుగునా టికెట్ల మీదా టైంటేబుల్లోనూ మాస్కో టైమే వేసేవారు. బయట చీకటి పడిపోతుంటే టికెట్ మీద మధ్యాహ్నం అని ఉండేది. ఇప్పుడు ఆ గొడవ లేదు, ఏ ఊరి టైము ఆ ఊరిదే.

బోరు సంగతి. మూడో తరగతి పెట్టెలో మన స్లీపర్ లాగే తలుపుల్లేకుండా 54 బెర్తులుంటాయి. పెట్టె చివర వేడినీళ్ల బాయిలరు రాత్రీ పగలూ కాగుతూనే ఉంటుంది, టీ పొడి మీదైతే టీకి లోటుండదు. కిటికీలోంచి మొదటి రోజు బర్చ్ చెట్లు. రెండో రోజూ అవే. నిజం చెప్పాలంటే చాలా దూరం అవే. అసలైన దృశ్యం బైకాల్ సరస్సు దగ్గర, అక్కడ పట్టా నీటి ఒడ్డునే పోతుంది. మొదట్లో ఆ ఒడ్డున పట్టా వేయడం కుదరక రైలు పెట్టెల్ని మంచు పగలగొట్టే ఓడ మీదికి ఎక్కించి సరస్సు దాటించేవారు. మన రేవుల్లో పంటు మీదికి లారీలు ఎక్కిస్తారే, అలాగే. 1904లో జపాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు చలికాలంలో ఓడ కదల్లేదు, దాంతో ఏకంగా గడ్డకట్టిన సరస్సు మీదే పట్టాలు పరిచారు.

ఇంకో సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఈ లైను 1891లో మొదలెడితే పూర్తిగా అయింది 1916లో, హబరోవ్స్క్ దగ్గర ఆమూర్ నది మీద రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు బ్రిడ్జి కట్టాక. అది అంత ఆలస్యం కావడానికి ఒక కారణం ఏమిటంటే, చివరి గర్డర్లు తీసుకెళ్తున్న ఓడని 1914లో హిందూ మహాసముద్రంలో జర్మన్ల యుద్ధనౌక ముంచేసింది. ఆ నౌక పేరు ఎండెన్. అవును, ఆ ఏడాదే సెప్టెంబర్‌లో మద్రాసు మీద గుళ్లు పేల్చి జనాన్ని హడలెత్తించిన ఎండెనే.

వెళ్లే ముందు ఒక జాగ్రత్త. 2022 నుంచి బయటి దేశాల వీసా, మాస్టర్ కార్డులు రష్యాలో పనిచేయడం లేదు. నగదు పట్టుకెళ్లాలి. యుద్ధం పరిస్థితి కూడా చూసుకుని బయల్దేరండి. చెరువులు ఎక్కడికీ పోవు కదా.

ప్రశ్న: అంకుల్, టిబెట్ రైల్లో ఆక్సిజన్ ఇస్తారని మా సైన్స్ టీచర్ చెప్పారు. నిజమేనా? మంచు మీద పట్టాలు కరిగి కుంగిపోవా?
ఏడో తరగతి కుర్రాడు, కొవ్వూరు

జవాబు: నిజమే నాన్నా. 2006లో లాసా దాకా వేసిన ఆ లైను టంగులా కనుమ దగ్గర 5,072 మీటర్ల ఎత్తున పోతుంది. ప్రపంచంలో అంత ఎత్తున నడిచే రైలు ఇంకోటి లేదు. అక్కడ గాలి పల్చగా ఉంటుంది, తల తిరుగుతుంది, ఒకోసారి వాంతులవుతాయి. అందుకని పెట్టెలోకి ఆక్సిజన్ కలిపిన గాలి వదులుతారు, అది చాలనివాళ్లు ముక్కుకి గొట్టం పెట్టుకోడానికి సీటు దగ్గరే ప్లగ్గు లాంటిది ఉంటుంది.

నీ రెండో ప్రశ్న ఇంకా మంచిది. అక్కడ వందల కిలోమీటర్ల మేర నేల లోపల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. పై పొర మాత్రం వేసవిలో కరిగి మన వరిచేలో దమ్ము చేసినట్టు బురదైపోతుంది, చలికాలంలో మళ్లీ గడ్డకట్టి ఉబ్బుతుంది. దాని మీద పట్టా వేస్తే ఒక ఏడు కుంగుతుంది, ఒక ఏడు లేస్తుంది. అందుకని కట్ట పక్కన ఇనప గొట్టాలు పాతారు. లోపల అమ్మోనియా ఉంటుంది. చలికాలంలో పైన గాలి నేలకన్నా చల్లన కదా, అప్పుడు అడుగున ఉన్న అమ్మోనియా నేలలోని కాస్త వేడినీ పీల్చుకుని ఆవిరై పైకి పోతుంది, పైన చల్లబడి నీరై మళ్లీ కిందికి కారుతుంది. అమ్మ ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు లోపలివైపు చుక్కలు చూశావా, అదే పని. అలా నేలలోని వేడిని చలికాలమంతా తోడి బయట పారేస్తుంది. వేసవిలో పైనే వేడి కాబట్టి ఆవిరి చల్లబడదు, దానంతటది ఆగిపోతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. కొన్నిచోట్ల అసలు నేలని నమ్మకుండా కిలోమీటర్ల కొద్దీ వంతెన మీదే పట్టా తీసుకెళ్లారు.

మీ ఊరి బ్రిడ్జికి మంచు తంటా లేదు గానీ ఇసక తంటా ఉంది. గోదారి అడుగున ఇసకలో బావులు దింపి, వాటి మీద స్తంభాలు లేపారు. ఈ ప్రశ్న కూడా మీ టీచర్ని అడుగు, బావి ఎలా దిగుతుందో బొమ్మ గీసి చెప్పమను.

ప్రశ్న: ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ ఇంకా నడుస్తోందని మా అత్తగారు, ఎప్పుడో ఆగిపోయిందని నేను. పందెం పూతరేకులు. ఎవరు గెలిచారు?
ఒక గృహిణి, రాజోలు

జవాబు: ఇద్దరూ గెలిచారమ్మా. పారిస్ నుంచి ఇస్తాంబుల్‌కి మారకుండా పోయే మామూలు బండి 1977లో ఆగింది. ఆ పేరుతో తక్కువ దూరం తిరిగే బండి 2009 దాకా ఉంది. అదే పేరు తగిలించుకుని పాత పెట్టెల్ని బాగుచేసి డబ్బున్నవాళ్ల కోసం నడిపే రైలు 1982 నుంచీ ఉంది, అది ఇప్పటికీ నడుస్తోంది. ఒక మాట మాత్రం మీ రాజోలువాళ్లకి నచ్చుతుంది. 1883లో మొదలైనప్పుడు ఆ బండి ఇస్తాంబుల్ దాకా పోనేలేదు. రుమేనియాలో దిగి, డాన్యూబ్ నది పడవలో దాటి, అవతల ఇంకో రైలెక్కి, నల్ల సముద్రం ఒడ్డున మళ్లీ ఓడెక్కాలి. బస్సు దిగి, పంటెక్కి, అవతల ఆటో పట్టుకోవడం మనకేం కొత్త! పూతరేకులు సగం సగం పంచుకోండి.

ప్రశ్న: మాది అమలాపురం. నాకు 20 ఏళ్లు, ఇంతవరకు రైలెక్కలేదంటే హాస్టల్లో ఫ్రెండ్స్ నవ్వుతున్నారు. మొదటి ప్రయాణం గుర్తుండిపోయేలా ఎక్కడికి వెళ్లాలి?
డిగ్రీ విద్యార్థిని

జవాబు: నవ్వేవాళ్లని నవ్వనీ తల్లీ, ఊరికి పట్టాలు వేయకపోతే నువ్వేం చేస్తావు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా అప్పట్లోనే లైనుండేది, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో 1940లో పట్టాలు పీక్కుపోయారు. మళ్లీ వేసి బండి నడిపేసరికి 2004 వచ్చింది. అక్కణ్ణుంచి గౌతమి, వైనతేయ, వసిష్ఠ దాటించి అమలాపురం మీదుగా నరసాపురం కలపాలని 2000-01లో మంజూరు చేశారు, నీకన్నా ఆ లైను వయసే ఎక్కువ. దాని మీద ఎక్కువ రాస్తే నాకు బీపీ పెరుగుతుంది.

మొదటి ప్రయాణానికి పెద్ద ప్లాను అక్కర్లేదు. రాజమండ్రిలో పొద్దున్నే ఏదైనా ప్యాసింజరెక్కి కొవ్వూరులో దిగు. కాసేపటి ప్రయాణం. ఏసీ పెట్టె వద్దు, జనరల్లో కిటికీ పక్కన కూర్చో. గోదారి గాలి మొహానికి కొట్టాలి. ఆ తర్వాత నవంబర్, డిసెంబర్‌లో ఇంట్లోవాళ్లతో అరకు వెళ్లు, వలిసె పూలు పసుపు పరిచినట్టుంటాయి.

ప్రశ్న: మీరు రాసింది నమ్మి మే నెలలో అరకు వెళ్లాం. విస్టాడోమ్ పెట్టెలో టికెట్ దొరకబుచ్చుకోడానికి ఒక ఏజెంటుకి ఎక్కువ ఇచ్చాం. జలపాతం లేదు, పచ్చదనం లేదు, పైన అద్దంలోంచి ఎండ. పిల్లలు సొరంగాల్లో కేకలేసి ఆనందించారు, అంతే.
కోపంగా ఉన్న పాఠకుడు, తణుకు

జవాబు: తప్పు నాదే. ఏ నెలలో వెళ్లాలో రాయలేదు. వానలు పడ్డాక, సెప్టెంబర్ నుంచి జనవరి లోపల వెళ్లాలి. అసలు ఆ లైను మనం షికారు చేయడానికి వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపాన్‌కి పంపడానికి, వాళ్ల సాయంతో 1960లలో వేశారు. అందుకే అంత బరువు బండ్లు తిరిగేలా కొండల్లో యాభైకి పైగా సొరంగాలు తొలిచారు.

ఇంకోటి, విస్టాడోమ్ అంటే వేరే రైలు కాదండి, కిరండూల్ వెళ్లే అదే బండికి తగిలించిన అద్దాల పెట్టె. వెనక మామూలు పెట్టెలో వేరుశనక్కాయలు తింటూ కూర్చున్నవాళ్లకీ అవే కొండలు కనపడతాయి. ఈసారి ఏజెంటుకిచ్చే డబ్బుతో బొర్రా గుహల దగ్గర బొంగు చికెన్ తినండి.

ప్రశ్న: మేం లేసు అల్లే ఆడవాళ్లం, ఎనిమిదిమందిమి కలిసి చిట్టీ కట్టుకున్నాం. ఫారిన్ వెళ్లాలి, రైలెక్కాలి, ఖర్చు తక్కువవ్వాలి. ఎక్కడికి?
నరసాపురం

జవాబు: శ్రీలంక, ఇంకో మాట లేదు. క్యాండీ నుంచి ఎల్లా దాకా ఆరేడు గంటలు, దారంతా టీ తోటలు. పట్టా వెడల్పు కూడా మన బ్రాడ్‌గేజే, పెట్టెలో కూర్చుంటే పరాయి దేశమనిపించదు. పట్టిపొల స్టేషన్ 1,898 మీటర్ల ఎత్తున ఉంటుంది, అక్కడ శాలువాలు తీయాల్సిందే. ఎల్లా దాటాక 1921లో కట్టిన తొమ్మిది కమానుల వంతెన, ఇనుము లేకుండా రాయి, ఇటుక, సిమెంటుతోనే నిలబెట్టారు. ఆ పక్క స్టేషనే దెమోదర. అక్కడ పట్టా ఒక చుట్టు తిరిగొచ్చి స్టేషన్ కిందనున్న సొరంగంలోంచి పోతుంది. ఇంజినీర్లు కొండ దించలేక తల పట్టుకుంటే, ఒక తోట మేస్త్రి తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుంటుండగా చూసి ఈ ఉపాయం తట్టిందని అక్కడ కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ దారంతో పూలు చుట్టే మీకు ఆ చుట్టు చూడగానే అర్థమవుతుంది.

రిజర్వేషన్ సీట్లు త్వరగా అయిపోతాయి, దొరక్కపోతే రిజర్వేషన్ లేని పెట్టె ఎక్కండి, కాకపోతే ముందుగా స్టేషన్‌కి వెళ్లాలి. తలుపు దగ్గర వేలాడుతూ ఫొటోలు దిగే సరదా మాత్రం వద్దు, పక్కనే రాళ్లూ సొరంగం గోడలూ తగిలేంత దగ్గరగా ఉంటాయి.

ప్రశ్న: ఊటీ టాయ్ ట్రైన్ ఎప్పుడు చూసినా వెయిటింగ్ లిస్టే. ఏం చేయాలి?
కాకినాడ

జవాబు: మెట్టుపాళయం నుంచి మొత్తం 46 కిలోమీటర్లే కావాలని పట్టుపట్టకండి. కూనూరు నుంచి ఊటీకి బండ్లు ఎక్కువ, టికెట్ తేలిక. కాకపోతే పళ్ల పట్టా, వెనకనుంచి తోసే ఆవిరింజను కూనూరుకి దిగువనే. అది చూడాలంటే వెయిటింగ్ లిస్టు తప్పదు.

ప్రశ్న: నేను గార్డుగా చేసి దిగిపోయాను. స్విస్ వాళ్ల లాండ్‌వాసర్ వంతెన, స్కాట్లండ్ గ్లెన్‌ఫిన్నన్ వంతెన అంటూ క్యాలెండర్లన్నిటి మీదా అవే. గోదారి మీది మన పాత హేవలాక్ బ్రిడ్జి ఏ లిస్టులోనూ ఉండదేం?
రాజమండ్రి

జవాబు: మీ కడుపుమంట నాకూ ఉందండి. 1897లో మొదలెట్టి 1900లో బండి నడిపారు. 56 స్పాన్లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య 56 ఖాళీలు, రెండున్నర కిలోమీటర్లకు పైన పొడవు. ఆమూర్ బ్రిడ్జి గురించి పైన రాశాను చూడండి, ఇంచుమించు అంత పొడుగే, మనది పదహారేళ్లు ముందు. లాండ్‌వాసర్ 1902లో కట్టింది, 136 మీటర్లే. గ్లెన్‌ఫిన్నన్ 1901, 21 కమానులు, 380 మీటర్లు. ఈ రెండూ కలిపి అయిదుసార్లు పేర్చితే గానీ ఇంచుమించు మన బ్రిడ్జి పొడుగు రాదు. కానీ అవి ఎత్తుగా ఉండి వంపు తిరుగుతాయి, కిటికీలోంచి తల తిప్పితే మీ బండి ఇంజిను మీకే కనపడుతుంది, ఫొటో అదిరిపోతుంది. మనది తిన్నగా, చదునుగా పోతుంది. డెల్టా కదా మరి, కొండెక్కడిది.

1997లో దాన్ని ఆపేశాక అదే ఏడు పక్కన కమానుల బ్రిడ్జి వచ్చింది, 28 కాంక్రీటు కమానులు, ఒక్కొక్కటి 97 మీటర్ల చిల్లర. సూర్యాస్తమయాన దాన్ని ఒడ్డు నుంచి చూడాలి. 1974 నాటి పైన రోడ్డు, కింద రైలు బ్రిడ్జి కూడా పక్కనే. ఒకే నది మీద మూడు కాలాలు పక్కపక్కన నిలబడ్డాయి. క్యాలెండర్ వాళ్లు రాకపోతే మనమే వేసుకుందాం.

ప్రశ్న: బ్రిడ్జి మీద రైల్లోంచి గోదారిలో రూపాయి వేయడం మూఢనమ్మకమా?
రావులపాలెం

జవాబు: ఏమో అండి, నేనూ వేస్తాను. చిన్నప్పుడు మా అమ్మ బ్రిడ్జి రాగానే అందర్నీ లేపి చేతుల్లో తలా పావలా పెట్టేది. ఓసారి నేను వేసిన పావలా ఇనప గర్డరుకి టంగుమని తగిలి తిరిగొచ్చి ఎదుటాయన ఒళ్లో పడింది. ఆయన దాన్ని తీసి కళ్లకద్దుకుని మళ్లీ వేశాడు, అదీ తగిలి తిరిగొచ్చింది. మూడోసారి నీళ్లలో పడేదాకా పెట్టెలో అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. మొన్న ఏసీలో వెళ్తూ అమ్మ చేతిలో రూపాయి పట్టుకుని అద్దం అటూ ఇటూ తడిమింది, తెరుచుకుంటేగా. కొవ్వూరు దాటాక ఆ రూపాయి కొంగున ముడేసుకుని, "వచ్చేటప్పుడు ప్యాసింజర్లో వద్దాంరా" అంది.